గ్రామ జీవితానికి కొలమానం వెతికిన లెక్కల మనిషి కుమారప్ప

పల్లె బాగుపడిందో లేదో తేల్చడానికి ఏ లెక్క చూడాలి? పండిన పంటనా, వసూలైన శిస్తునా, లేక ఆ ఇంటి పొయ్యి మీద ఉడుకుతున్న మెతుకునా? గ్రామీణాభివృద్ధి పరిశోధకులు నేటికీ తర్జనభర్జన పడుతున్న ఈ ప్రశ్నను 1929 శీతకాలంలోనే గుజరాత్ పల్లెలకు తీసుకువెళ్ళి, ఇంటింటి జమాఖర్చులలో సమాధానం వెతికిన వ్యక్తి జోసెఫ్ కార్నీలియస్ కుమారప్ప. లండన్‌లో గణకశాస్త్రం, న్యూయార్క్‌లో ఆర్థికశాస్త్రం చదివిన ఈ తమిళ క్రైస్తవుడు, తన వృత్తి నేర్పిన పద్దుల పద్ధతినే గ్రామ జీవితానికి అన్వయించాడు. ఆదాయం ఎంత అన్న దానితోపాటు అది ఎవరి చేతిలో మిగిలింది, ఎవరి కడుపు నింపింది అని అడగడం ఆయన పరిశోధనకు ప్రాణం.

తంజావూరు నుంచి న్యూయార్క్ దాకా

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో జన్మించారు. తండ్రి ప్రభుత్వ ప్రజాపనుల శాఖ ఉద్యోగి. ఇంట్లో దైవభక్తి, క్రమశిక్షణ, చదువు మూడూ సమపాళ్ళలో ఉండేవి. అన్నగారైన జె.ఎం. కుమారప్ప తరువాతి కాలంలో బొంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు డైరెక్టర్ అయ్యారు. తమ్ముడు భరతన్ కుమారప్ప గాంధీ మార్గంలోనే గ్రామోద్యమంలో పనిచేశారు. ఆనాటి అలవాటు ప్రకారం కుటుంబం కార్నీలియస్ అనే ఇంటిపేరుతో చలామణి అయ్యేది. పూర్వీకుల పేరైన కుమారప్పను సోదరులు తరువాత తిరిగి స్వీకరించారు.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు లండన్ వెళ్ళిన కుమారప్ప అక్కడ అకౌంటెన్సీలో శిక్షణ పొంది, యుద్ధానంతరం బొంబాయికి తిరిగి వచ్చి ఆడిటర్‌గా స్థిరపడ్డారు. పాశ్చాత్య వేషం, పట్టు సూటు, సంపన్నుల పరిచయాలు, సంపాదన అన్నీ సమకూరాయి. 1927లో ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్ళి, సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణలో పట్టా తీసుకున్నారు. తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎడ్విన్ సెలిగ్మన్ వద్ద ప్రభుత్వ విత్తశాస్త్రం అభ్యసించారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక ప్రసంగం. భారతదేశం ఎందుకు పేదదిగా ఉందన్న అంశంపై ఆయన ఒక చర్చిలో మాట్లాడగా, ఆ వార్త పత్రికలో అచ్చయింది. అది చదివిన సెలిగ్మన్, ఆ ప్రశ్ననే పరిశోధనాంశంగా తీసుకోమని శిష్యుణ్ణి ప్రోత్సహించారు. బ్రిటిష్ ప్రభుత్వం వసూలు చేసే పన్నులు, వాటి ఖర్చు తీరు పద్దుల వారీగా పరిశీలించేకొద్దీ, సామ్రాజ్యం పట్ల కుమారప్పకున్న భ్రమలు తొలగిపోయాయి. రైతు నుంచి పిండిన సొమ్ము సైన్యానికి, పరిపాలన జీతాలకు, అప్పుల వడ్డీలకు తరలిపోతోందనీ, దానిని ఇచ్చినవాడి బతుకు మెరుగుదలకు మిగిలేది అత్యల్పమనీ ఆయన నిర్ధారణకు వచ్చారు.

సబర్మతి చెట్టు నీడన

1929 మే నెలలో తన పరిశోధన ప్రతితో కుమారప్ప సబర్మతి ఆశ్రమానికి వెళ్ళారు. చెప్పిన సమయానికి ముందే చేరుకుని ఆవరణలో తిరుగుతూ, ఒక చెట్టు కింద పేడతో అలికిన నేల మీద కూర్చుని రాట్నం తిప్పుతున్న వృద్ధుణ్ణి చూస్తూ నిలబడ్డారు. ఆయనే గాంధీజీ అని కాసేపటికి గానీ తెలియలేదు. తెలిసిన మరుక్షణం పట్టు సూటుతోనే ఆ అలికిన నేల మీద కూర్చున్నారు. ఆ వ్యాసాన్ని యంగ్ ఇండియాలో ధారావాహికంగా ప్రచురిస్తానని చెప్పిన గాంధీజీ, గుజరాత్‌లో ఒక గ్రామీణ ఆర్థిక సర్వే చేపట్టగలరా అని అడిగారు.

అడ్డంకి వెంటనే ఎదురైంది. గుజరాతీ రాని మనిషి గుజరాత్ పల్లెల్లో సర్వే ఎలా చేస్తాడని విద్యాపీఠం బాధ్యతలు చూస్తున్న కాకా కాలేల్కర్ సందేహించారు. కుమారప్ప బొంబాయికి తిరిగి వెళ్ళిపోయారు. కొద్దికాలానికే మళ్ళీ పిలుపు వచ్చింది. భాష తెలిసిన విద్యార్థులు వెంట ఉంటారు, పద్ధతి తెలిసిన మనిషి మాత్రం కావాలన్నదే ఆ పిలుపులోని సారాంశం. అలా గుజరాత్ విద్యాపీఠం తరఫున ఖేడా జిల్లా మాతర్ తాలూకా సర్వే మొదలైంది.

మాతర్ చెప్పిన నిజం

ఆ సర్వే ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆనాటి శిస్తు వివాదం గుర్తుచేసుకోవాలి. బొంబాయి రాష్ట్రంలో నియమిత కాలానికొకసారి భూమి శిస్తును సవరించేవారు. 1928లో బార్డోలీ రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో ఎదురు తిరిగింది అటువంటి సవరణ మీదనే. అక్కడ 22 శాతంగా విధించిన పెంపు, విచారణ తరువాత సుమారు 6 శాతానికి దిగివచ్చింది. అధికారులు ఆధారపడిన కౌలు గణాంకాలు నమ్మదగినవి కావని ఆ విచారణలో తేలింది. అంటే పోరాటం పొలంలో ఎంత జరిగిందో, అంకెల మీద కూడా అంతే జరిగింది. ప్రభుత్వం చేతిలో ఉన్న లెక్క తప్పయితే, సరైన లెక్క ఎవరు తీయాలి?

కుమారప్ప ఆ పని భుజాన వేసుకున్నారు. 1929 డిసెంబరు నుంచి 1930 మార్చి వరకు విద్యాపీఠ విద్యార్థులతో కలిసి మాతర్ తాలూకాలో 54 గ్రామాలను పరిశీలించారు. భూమి ఎంత, నీటి వసతి ఏమిటి, పశువులెన్ని, విత్తనానికీ ఎరువుకూ కూలికీ అయ్యే ఖర్చెంత, పంటకు వచ్చే ధరెంత, షావుకారు దగ్గర అప్పెంత, ఇంటిల్లిపాదీ తినేదేమిటి అని కుటుంబాల వారీగా వివరాలు సేకరించారు. వాటిని ఒక వ్యాపార సంస్థ జమాఖర్చుల పట్టిక వలె అమర్చారు.

ఫలితం విస్పష్టంగా వచ్చింది. సాగు ఖర్చులు, కుటుంబ శ్రమ విలువ లెక్కలోకి తీసుకుంటే, అనేక రైతు కుటుంబాలకు వ్యవసాయం మీద మిగులు లేదు. మిగులు లేనిచోట శిస్తు దేనిలోంచి వస్తోంది? తిండిలోంచి, అప్పులోంచి. ఖజానా రికార్డుల్లో శిస్తు బకాయి లేకుండా వసూలవుతున్నంత మాత్రాన రైతు చెల్లించగలిగే స్థితిలో ఉన్నాడని అనుకోరాదన్నది ఆ సర్వే తేల్చిన అసలు విషయం. సకాలంలో కట్టిన ప్రతి రూపాయి వెనుకా షావుకారు పుస్తకంలో ఒక కొత్త పద్దు ఉండవచ్చు.

భారతీయ గ్రామాలపై శాస్త్రీయ అధ్యయనాలు అంతకుముందు లేకపోలేదు. పుణె సమీపంలోని ఒక దక్కన్ గ్రామంలో భూమి, శ్రమల స్థితిగతులపై హెరాల్డ్ మాన్ అధ్యయనం 1917లో వెలువడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ దక్షిణాది గ్రామాలపై జరిపించిన పరిశీలనలు 1918లో గ్రంథరూపం దాల్చాయి. కుమారప్ప ప్రత్యేకత మరొకచోట ఉంది. ఒక తాలూకా మొత్తాన్ని పరిధిగా తీసుకోవడం, పరిశోధనను పాలనా విధానానికి నేరుగా ప్రశ్నగా సంధించడం ఆయన చేసిన కొత్త పనులు. సర్వే ముగింపు దశలో ఉండగానే 1930 మార్చిలో గాంధీజీ దండి యాత్ర మాతర్ మీదుగా సాగింది. సర్వే నివేదిక 1931లో వెలువడింది.

అణా పైసలలో నిజాయితీ

ఉప్పు సత్యాగ్రహ కాలంలో గాంధీజీ జైలులో ఉన్నప్పుడు కుమారప్ప యంగ్ ఇండియా సంపాదకత్వ బాధ్యతలు మోసి, తానూ జైలు పాలయ్యారు. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఆర్థిక బాధ్యతలను తేల్చేందుకు 1931లో కాంగ్రెస్ నియమించిన సంఘానికి సంచాలకులుగా పనిచేశారు. దేశం పేర చేసిన అప్పులో దేశం కోసం ఖర్చయింది ఎంత అన్న పరిశీలన అది. ఒక తాలూకా రైతు విషయంలో అడిగిన ప్రశ్ననే ఈసారి యావద్దేశం తరఫున అడిగారు.

1934 జనవరిలో బీహారును భూకంపం కుదిపివేసినప్పుడు, రాజేంద్రప్రసాద్ ఆధ్వర్యంలోని సహాయ సంఘం నిధుల లెక్కలు చూసే బాధ్యత ఆయన మీద పడింది. కార్యకర్తల భోజన ఖర్చుకు ఆయన రోజుకింతని కచ్చితమైన పరిమితి పెట్టారు. గాంధీజీ పరివారం పర్యటనకు వచ్చినప్పుడు, వారి ఖర్చులను సహాయ నిధి నుంచి భరించడానికి నిరాకరించారు. బాధితుల కోసం ఇచ్చిన సొమ్ము ఎంతటి పెద్దలకైనా వేరుగా వాడరాదన్న ఆయన పట్టుదలను గాంధీజీ తప్పుపట్టలేదు. ఆ ఏడాది చివర మరింత పెద్ద బాధ్యత అప్పగించారు.

మగన్‌వాడి ప్రయోగశాల

1934 డిసెంబరులో వార్ధా కేంద్రంగా అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. జమ్నాలాల్ బజాజ్ ఇచ్చిన తోట, భవనం మగన్‌వాడిగా మారాయి. కార్యదర్శిగా కుమారప్ప అక్కడ నెలకొల్పింది ఆశ్రమం కంటే ప్రయోగశాల అనదగినది. దంపుడు బియ్యం, తిరగలి పిండి, ఎద్దు గానుగ నూనె, తాటి బెల్లం, తేనెటీగల పెంపకం, చేతి కాగితం, సబ్బు తయారీ, కుండల పని వంటివన్నీ అక్కడ పరిశోధనాంశాలయ్యాయి. కిరోసిన్ అవసరం లేకుండా వంటనూనెతో వెలిగే మగన్ దీపం అక్కడ రూపొందింది.

ఈ పనులను పాతకాలపు మమకారంగా కొట్టిపారేసినవారు ఉన్నారు. కానీ కుమారప్ప వాదన లెక్క మీదనే నిలబడింది. వడ్లను మిల్లుకు పంపితే బియ్యం తెల్లబడుతుంది. అయితే తవుడుతో పాటు పోషకాలు పోతాయి, దంపే కూలీల వేతనమూ పోతుంది. నువ్వులు పట్నానికి తరలితే నూనె తిరిగి ఊరికి వస్తుంది గానీ, పశువుకు మేతగా, చేనుకు ఎరువుగా పనికివచ్చే తెలకపిండి తిరిగి రాదు. మిల్లు యజమాని పుస్తకంలో లాభంగా కనబడేది ఊరి పుస్తకంలో మూడు చోట్ల నష్టంగా నమోదవుతుంది. ఆ రెండో పుస్తకం ఎవరూ రాయకపోవడమే సమస్య అని ఆయన గుర్తించారు. 1936లో వెలువడిన గ్రామోద్యమం ఎందుకు అన్న ఆయన గ్రంథానికి, సంఘం నడిపిన గ్రామ ఉద్యోగ్ పత్రికకు ఈ దృష్టే ఆధారం. మధ్య పరగణాలు, బేరార్‌లో పారిశ్రామిక సర్వేకు, వాయవ్య సరిహద్దు రాష్ట్రపు ఆర్థికాభివృద్ధి ప్రణాళికకు కూడా ఆయన ఇదే పద్ధతిని తీసుకువెళ్ళారు.

1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో గ్రామోద్యోగ సంఘం ప్రతినిధిగా చేరిన కుమారప్ప అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. భారీ పరిశ్రమలే పునాదిగా దేశ భవిష్యత్తును ఊహించే ప్రణాళికకూ, పల్లె నుంచి పైకి లెక్క కట్టే తన పద్ధతికీ పొత్తు కుదరదని తేలగానే వైదొలిగారు.

జైలు గదిలో శాశ్వతత్వం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం కాగితపు నోట్లు ముద్రించి, వాటితో పల్లెల నుంచి ధాన్యం, సరుకులు తరలిస్తున్న తీరును కుమారప్ప తీవ్రంగా విమర్శించారు. రొట్టె తీసుకుని రాయి ఇస్తున్నారన్న అర్థంలో ఆయన రాసిన వ్యాసం ప్రభుత్వ ఆగ్రహానికి గురైంది. అంతలోనే 1943లో బెంగాల్ కరవు లక్షలాది ప్రాణాలను బలిగొంది. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో నిర్బంధానికి గురైన ఆయన ఆరోగ్యం దెబ్బతిని 1945లో బయటకు వచ్చారు.

ఆ జైలు రోజుల్లోనే శాశ్వత ఆర్థిక వ్యవస్థపై ఆయన ప్రసిద్ధ గ్రంథం రూపుదిద్దుకుంది. ప్రకృతిలోని వనరులను ఆయన రెండుగా విభజించారు. బొగ్గు, పెట్రోలియం, లోహాల వంటివి వాడేకొద్దీ తరిగే నిల్వలు. నీరు, చెట్టు, పశువు, మానవ శ్రమ వంటివి ఏటికేడు తిరిగి నిండే ప్రవాహాలు. నిల్వల మీద కట్టిన ఆర్థిక వ్యవస్థ వాటికోసం కొట్లాటకు, చివరకు యుద్ధానికి దారితీస్తుందనీ, ప్రవాహం మీద కట్టినదే నిలుస్తుందనీ ఆయన సిద్ధాంతీకరించారు. పర్యావరణం అన్న మాట విధాన చర్చల్లోకి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందటి ఆలోచన ఇది.

జీవన నాణ్యత గురించి ఆయన చేసిన విశ్లేషణ కూడా ఇక్కడే కనిపిస్తుంది. జీవన ప్రమాణం ఎక్కువ, తక్కువ అని అనడంలోనే తికమక ఉందని ఆయన భావించారు. వస్తువుల సంఖ్య పెరిగినంత మాత్రాన జీవితం ఉన్నతం కాదు, అది సంక్లిష్టం మాత్రమే అవుతుంది. కొద్దిపాటి వస్తువులతో సాగే జీవితం సరళమే గానీ, ఆ కారణంగా అది తక్కువది కాదు. అయితే సరళతను ఆయన ఆకలికి మారుపేరుగా ఎన్నడూ వాడలేదు. దానికి సాక్ష్యం ఆ గ్రంథంలోని సమతుల సేద్యపు పట్టిక. 1 లక్ష జనాభా గల ప్రాంతానికి ధాన్యం, పప్పులు, బెల్లం, నూనె, పాలు, కూరగాయలు, పండ్లు, బట్టకు పత్తి ఎంతెంత కావాలో, దానికి ఎంత భూమి కేటాయించాలో ఆయన లెక్కగట్టారు. మనిషికి రోజుకు 2,860 కేలరీలు అందేలా వేసిన లెక్క అది. మార్కెట్లో దేనికి ధర ఉందో చూసి పంట వేయడం కాక, మనిషికి ఏమి కావాలో చూసి సేద్యం నిర్ణయించాలన్నది దాని సారం.

నేల దున్నేవాడి లెక్క

స్వాతంత్ర్యానంతరం కాంగ్రెస్ నియమించిన వ్యవసాయ సంస్కరణల సంఘానికి కుమారప్ప అధ్యక్షులయ్యారు. దేశమంతా పర్యటించి 1949లో ఇచ్చిన నివేదిక భారతీయ భూసంస్కరణల చరిత్రలో మైలురాయి. మధ్యవర్తులను పూర్తిగా తొలగించాలి. వితంతువులు, మైనర్లు, వికలాంగుల విషయంలో తప్ప కౌలుకివ్వడాన్ని నిషేధించాలి. ఆరేళ్ళపాటు వరుసగా సాగుచేసిన కౌలుదారుకు హక్కు దక్కాలి. కమతాలకు గరిష్ఠ పరిమితి విధించాలి. స్వయంగా సాగు చేస్తున్నానని చెప్పుకునేవాడు కొంతమేరకైనా శరీరశ్రమ చేయాలి. మరీ చిన్న కమతాలను ఉమ్మడి సహకార సేద్యంలోకి తేవాలి. ఇవీ అందులోని ముఖ్య సిఫారసులు.

ఆ సంఘంలో తెలుగువారి రైతు నాయకుడు ఎన్.జి. రంగా సభ్యులు. మెజారిటీ సభ్యులతో విభేదించి ఆయన ప్రత్యేక అసమ్మతి పత్రం సమర్పించారు. స్వంత కమతం మీద రైతు స్వాతంత్ర్యమా, సహకార నియంత్రణా అన్న ఆ వాదన తరువాతి దశాబ్దాల రాజకీయాల్లోనూ కొనసాగింది. సంఘం పనిచేస్తున్న ఆ రోజుల్లోనే తెలంగాణలో భూమి ప్రశ్న సాయుధ పోరాటమై రగులుతోంది. నివేదికలో మధ్యవర్తుల తొలగింపు వరకు రాష్ట్రాలు అనుసరించాయి. కౌలు హక్కులు, పరిమితులకు వచ్చేసరికి చట్టాలు ఆలస్యమయ్యాయి, మినహాయింపులు పెరిగాయి. కౌలు రైతుకు పత్రం మీద గుర్తింపు లేక అప్పూ, పరిహారమూ అందని స్థితి తెలుగు రాష్ట్రాల్లో నేటికీ చర్చనీయాంశమే.

పరిమితులు, వారసత్వం

కుమారప్ప దృష్టికి అందనివి లేకపోలేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా అభివర్ణించారు. ఊరి పొలిమేరలోనే ఊరికి వెలుపల బతకవలసివచ్చిన వారి అనుభవం ఆ విమర్శకు మూలం. కుమారప్ప పద్దులు శిస్తునూ షావుకారునూ నిలదీసినంత గట్టిగా కులాన్ని నిలదీయలేదు. వర్ణ వ్యవస్థను సేవా దృష్టితో అర్థం చేసుకునే ధోరణి ఆయన రచనల్లో ఉంది. గ్రామం మొత్తంగా ఎంత కోల్పోతోందన్నది ఆయన చూపారు. ఆ గ్రామంలో ఎవరు ఎవరి నుంచి ఎంత తీసుకుంటున్నారన్న ప్రశ్నను తరువాతి తరాల పరిశోధకులు పూరించవలసివచ్చింది.

1950ల తొలినాళ్ళలో చైనా, సోవియట్ యూనియన్‌లను సందర్శించి వచ్చిన తరువాత ఆయన మదురై జిల్లా టి. కల్లుపట్టిలోని గాంధీ నికేతన్ ఆశ్రమంలో చిన్న కుటీరంలో స్థిరపడ్డారు. పదవులను ఆశించలేదు, వివాహం చేసుకోలేదు. ఆయన గోడ మీద గాంధీజీ చిత్రంతో పాటు ఒక పేద పల్లెటూరి మనిషి చిత్రం ఉండేదనీ, గాంధీజీ తన గురువు కాగా ఆ పేదవాడు తన గురువుకు గురువని సందర్శకులకు వివరించేవారనీ చెబుతారు. 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, మద్రాసులో ఆయన కన్నుమూశారు.

ఆ తరువాత ఆయన ఆలోచనలు అనుకోని దారుల్లో ప్రయాణించాయి. బ్రిటన్ ఆర్థికవేత్త ఇ.ఎఫ్. షూమాకర్ బౌద్ధ ఆర్థికశాస్త్రంపై తన ప్రఖ్యాత వ్యాసంలో, పని స్వభావం గురించి చెప్పేటప్పుడు కుమారప్పను ఆధారం చేసుకున్నారు. మగన్‌వాడిలో నేడు గ్రామీణ పారిశ్రామికీకరణపై జాతీయ సంస్థ పనిచేస్తోంది. ప్రజల జీవన నాణ్యతను తలసరి ఆదాయం ఒక్కటే చెప్పలేదన్న సంగతిని ప్రపంచ సంస్థలు 1990లో మానవాభివృద్ధి సూచికతో అధికారికంగా అంగీకరించాయి.

నేడు ఒక గ్రామం స్థితిగతులను తెలుసుకునేందుకు ఉపగ్రహ చిత్రాలు, డిజిటల్ రికార్డులు, భారీ సర్వేలు అందుబాటులో ఉన్నాయి. సమాచారానికి కొరత తగ్గింది. కానీ పంట పండిన ఇంట్లో పిల్లలు పాలు తాగుతున్నారా, రుణం తీరిన పద్దు వెనుక మరో రుణం పుట్టిందా, ఊరు దాటిన సరుకుతో పాటు ఊరి పని కూడా దాటిపోయిందా అని అడిగేవారు ఉంటేనే ఆ సమాచారానికి అర్థం. మాతర్ తాలూకాలో కుమారప్ప వెంట నడిచిన విద్యార్థుల చేతిలో ఉన్నవి కొన్ని కాగితాలు, ఆ ప్రశ్నలు మాత్రమే.